మంచి ఏడాదిలో తవ్విన పాతర



ఈ ఉపన్యాసానికి మా లెక్కల మాస్టారి పేరు పెట్టుకుందామని పాత విద్యార్థులం అనుకున్నప్పుడు ఆయన ఇంట్లోవాళ్లు ఒక్క మాట అన్నారు. తన పేరు గోడల మీద, కాగితాల మీద వేయించుకోవడం ఆయనకు ఇష్టం ఉండేది కాదట. అందుకే ఆహ్వానపత్రిక మీద 'మాస్టారి స్మారక ఉపన్యాసం' అని మాత్రమే అచ్చు వేయించాం. నంద్యాలలో ఆయన దగ్గర లెక్కలు నేర్చుకున్నవాళ్లకు ఆ ఒక్క మాట చాలు.

ఈ రోజు నేను మాట్లాడబోయేది ఆయన నన్ను అడిగిన ఒక ప్రశ్న గురించి. 1980ల మాట. బ్యాంకు ఉద్యోగాలకు రిక్రూట్‌మెంటు బోర్డు పరీక్ష పెట్టే రోజులు. రేపు పరీక్ష అనగా సాయంత్రం మాస్టారి కాళ్లకు దండం పెట్టడానికి వెళ్లాను. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నారు. దీవించారు. మజ్జిగ ఇప్పించారు. నేను లేవబోతుంటే, "రాకపోతే ఏం చేస్తావురా?" అని అడిగారు.

నాకు కళ్లలో నీళ్లు తిరిగినంత పనైంది. బయలుదేరేటప్పుడు ఎక్కడికని అడిగితేనే మా అవ్వ కోప్పడేది. అలాంటిది గురువే ముందురోజు ఈ మాట అనడమా? "అట్లా అనకండి సార్" అన్నాను. ఆయన నవ్వలేదు, నొచ్చుకోలేదు. "జవాబు ఉంటే చెప్పు, లేకపోతే ఆలోచించుకో" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

పరీక్ష పోయింది. ఆ తర్వాత నాలుగు నెలలు నేను పుస్తకం ముట్టలేదు. ఫెయిలవడం వల్ల నేను పోగొట్టుకున్నది ఒక్క రోజు. జవాబు లేకపోవడం వల్ల పోగొట్టుకున్నది నాలుగు నెలలు. ఈ లెక్క నాకు మాస్టారు చెప్పలేదు, నేనే వేసుకున్నాను. మళ్లీ ఆయన దగ్గరికి వెళ్తే నోటుపుస్తకం చివరి పేజీ తీయించి, పైన 'తప్పితే' అని రాయించి, కింద నా చేతే మూడు పంక్తులు రాయించారు. మూడో ప్రయత్నంలో నాకు ఉద్యోగం వచ్చింది. రెండోసారి పోయినప్పుడు నేను పుస్తకానికి దూరంగా ఉన్నది వారం రోజులే. ఏం చేయాలో అప్పటికే ఆ పేజీలో రాసి ఉంది.

ఇవాళ నంద్యాల అంటే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బ్యాంకు కోచింగ్ గుర్తుకొస్తుంది. శ్రీకాకుళం పిల్లలు, ఆదిలాబాద్ పిల్లలు ఇక్కడ గదులు అద్దెకు తీసుకుని చదువుతున్నారు. నా కాలంలో లేని పద్ధతి ఇప్పుడుంది. 2011 నుంచి ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో ఎక్కువవాటికి ఐబీపీఎస్ ఉమ్మడి పరీక్ష పెడుతోంది. ప్రిలిమ్స్‌లో 60 నిమిషాల్లో 100 ప్రశ్నలు. ఒక్క తప్పుకు పావు మార్కు కోత. అది దాటితే మెయిన్స్. ఆఫీసరు ఉద్యోగమైతే ఆపైన ఇంటర్వ్యూ. వయసు కూడా ఒక గడువే. రిజర్వేషన్ సడలింపులు లేనివారికి క్లర్కుకు 28, ఆఫీసరుకు 30.

ఇన్ని మెట్లున్న చోట ఖాళీలు కొన్నే, అభ్యర్థులు వాటికి ఎన్నో రెట్లు. మొదటి ప్రయత్నంలోనే రానివాళ్లు వచ్చినవాళ్లకంటే ఎప్పుడూ ఎక్కువే ఉంటారు. అది ఖాళీల లెక్క. దాంట్లో ఎవరి తెలివికీ అవమానం లేదు. అయినా ఏ గదిలోకి వెళ్లి చూసినా గోడ మీద టైంటేబుల్ ఉంటుంది, రాకపోతే ఏం చేయాలో రాసిన కాగితం ఉండదు. దారిలో తప్పక వచ్చే మజిలీకి మనం చోటే పెట్టుకోవడం లేదు.

మన తాతలు ఇలా ఉండేవాళ్లు కాదు. వాళ్లకు పాతర ఉండేది.

ఇప్పుడు పత్రికల్లో పాతర అనే మాట చెడ్డ అర్థంలోనే కనిపిస్తోంది. 'హామీలకు పాతర', 'నిబంధనలకు పాతర' అంటారు. పూడ్చిపెట్టి చంపేశారని ఆ మాటకు భావం. మన రేగడి ఊళ్లలో పాతర అంటే గింజను బతికించుకునే చోటు. నీళ్లు ఊరని మెరక నేల చూసి గుంత తవ్వేవాళ్లు. మూతి ఇరుకు, లోపల కడుపు వెడల్పు. అడుగున, గోడల వెంబడి చొప్పో గడ్డో దట్టంగా పరిచి జొన్నలు పోసి, మూతికి బండ వేసి మట్టి మెత్తేవాళ్లు. లోపలి గింజ కూడా ఊపిరి పీలుస్తుంది కాబట్టి కొన్నాళ్లకు అక్కడి ప్రాణవాయువు తరిగిపోతుంది. ఇక పురుగు బతకదు. మందూ మాకూ లేకుండా గింజ ఏళ్ల తరబడి నిలిచేది ఇందుకే.

ఆ పనిలో నాకు మూడు విషయాలు కనిపిస్తాయి.

ఒకటి, పాతర తవ్వింది పండిన ఏడాదిలో. కరువు వచ్చాక తవ్వితే అందులో పోయడానికి ఏముంటుంది? చేతిలో గింజ, ఒంట్లో సత్తువ ఉన్నప్పుడే ఆ పని అయ్యేది. అలాగే 'తప్పితే ఏం చేయాలి' అనే ఆలోచన మనసు నిబ్బరంగా ఉన్నప్పుడే చేయాలి. ఫలితాల రోజు రాత్రి ఆ ఆలోచనకు మనసు సహకరించదు.

రెండు, పోసిన గింజంతా తిరిగి రాదు. గోడను తాకిన గింజ తేమకు పాడయ్యేది. ఆ నష్టం తెలిసే పోసేవాళ్లు. ముందుజాగ్రత్తకు కొంత ఖర్చు తప్పదు. కష్టం రాకపోతే ఆ ఖర్చు దండగని అనిపిస్తుంది. వచ్చిన రోజున, మిగిలింది అదొక్కటే అని తెలుస్తుంది.

మూడోది చివర్లో చెబుతాను.

మన జిల్లా కరువు ఎరిగిన నేల. 1876–78 నాటి ధాత కరువు కర్నూలు, బళ్లారి, కడప జిల్లాలను ఊడ్చేసింది. దానికి పదేళ్ల ముందు, 1866 కరువులో, ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి గారు ఆకలితో వచ్చినవాళ్లకు గంజి పోయించారు. విక్టోరియా రాణి బంగారు పతకం పంపిందని మనం గర్వంగా చెప్పుకుంటాం. నేను ఆ పతకం కంటే గంజి గురించి ఎక్కువ ఆలోచిస్తాను. వేలమందికి గంజి కాచాలంటే మనసు పెద్దదైతే చాలదు, ఇంట్లో గింజ ముందే ఉండాలి. ముందుచూపు తనను కాపాడుకోవడానికి మాత్రమే పనికొస్తుందనుకునేవాళ్లకు ఇది చెప్పాలి. ఎదుటివాడి కష్టంలో నిలబడాలన్నా ముందు మన పాతర నిండి ఉండాలి.

ఈ తెలివి పాత రోజులతో పోలేదు. నంద్యాలలోనే 1906లో మొదలైన వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు తయారుచేసిన కొర్ర రకం 'సూర్యనంది' 70–75 రోజుల్లో కోతకు వస్తుంది. వాన ఆలస్యమైనా ఆ కొద్దిరోజుల్లో ఒక పంట చేతికందుతుంది. ఆ తర్వాత రేగడిలో మిగిలిన పదునుతో అక్టోబరు, నవంబరు నెలల్లో శనగ వేసుకోవచ్చు. శనగలోనూ వాళ్లు ముందుచూపు చూపించారు. మామూలు శనగ మొక్క పొట్టిగా పెరుగుతుంది, కాయలు నేలకు దగ్గరగా ఉంటాయి, మిషను కోతకు అందవు. కూలీలు దొరకని రోజులు వస్తాయని ఊహించి, నిటారుగా ఎత్తుగా పెరిగే ఎన్‌బిఇజి 47 రకాన్ని తెచ్చారు. ఒక విత్తనం వెనక, 'కూలీలు దొరక్కపోతే?' అని అడిగిన మనిషి ఉన్నాడు.

హైదరాబాద్‌లో మెట్ట వ్యవసాయ కేంద్ర పరిశోధన సంస్థ, క్రిడా ఉంది. వాళ్లు దేశంలోని చాలా జిల్లాలకు ప్రత్యామ్నాయ ప్రణాళికలు సిద్ధం చేశారు. ఆ కాగితాల్లో ఉపదేశాలు ఉండవు, పట్టికలు ఉంటాయి. వాన 2 వారాలు ఆలస్యమైతే ఈ పంట, ఈ రకం. 4 వారాలైతే ఇది. 6 వారాలైతే ఇంకొకటి, 8 వారాలైతే మరొకటి. మొలిచాక ఎండ కాస్తే ఏం చేయాలి, పూత దశలో వాన ఎగ్గొడితే ఏం చేయాలి, అన్నీ వరసగా ఉంటాయి. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవని మనవాళ్లు ఊరికే అనలేదు. వాన ఎప్పుడొస్తుందో శాస్త్రవేత్తకూ తెలియదు. రాకపోతే ఏం చేయాలో మాత్రం ముందే రాసిపెట్టుకున్నాడు. మాస్టారు నా చేత చివరి పేజీలో రాయించింది సరిగ్గా ఇదే. రైతుకు ప్రభుత్వం వేసి ఇచ్చిన ఆ పట్టికను ప్రతి విద్యార్థీ తనకు తాను వేసుకోవాలి.

ఇక శిల్పుల ఊరు ఆళ్లగడ్డకు వెళ్దాం. నలభయ్యో నంబరు జాతీయ రహదారి మీద కడప వైపు వెళ్లేవాళ్లందరికీ ఆ ఊరి ఉలి చప్పుడు తెలుసు. కిందటి నెల నేనొక శిల్పి దగ్గర పూట పొద్దు కూర్చున్నాను. కొత్తగా వచ్చిన నల్లరాయి ఒకటి షెడ్డులో పడుకోబెట్టి ఉంది. ఆయన ఉలి తీస్తాడని చూస్తున్నాను. బకెట్టుతో నీళ్లు తెచ్చి రాయి మీద పారబోసి, పక్కన కూర్చుని బీడీ ముట్టించాడు. ఎండకు నీళ్లు ఆరుతున్నాయి. రాయంతా తెల్లబారింది గానీ ఒక మూల సన్నటి గీత మాత్రం తడిగానే నిలిచింది. వెంట్రుకంత గీత. "అక్కడ పగులుంది సార్, నీళ్లు లోపలికి తాగింది" అన్నాడు. తర్వాత సుత్తితో రాయి పొడుగునా తట్టుకుంటూ వెళ్లాడు. బాగున్న చోట గంట మోగినట్టు ఖంగుమంది. గీత దగ్గరికి రాగానే శబ్దం బొంగురుపోయింది.

"అయితే ఈ రాయి పనికిరాదా?" అని అడిగాను. "ఎందుకు పనికిరాదు? ఆ మూల ఎట్లాగూ చెక్కి తీసేసేదే. పగులు అటు పోయేట్టు బొమ్మను తిప్పి గీస్తా. తెలియకుండా మొదలుపెట్టి ఉంటే స్వామి చెయ్యి ఆ గీత మీదికి వచ్చేది" అన్నాడు.

భిన్నమైన విగ్రహం పూజకు పనికిరాదు. నెలల పని చివరి రోజు ఒక్క దెబ్బకు పోవచ్చు. అందుకే వేళ్లు, ముక్కు, ఆయుధాల కొసలు మొదటే సన్నగా తీయరు. చుట్టూ రాయిని దన్నుగా ఉంచి, మిగతా పనంతా అయ్యాక ఆఖరున వాటికి వస్తారు. ఎక్కడ విరిగే అవకాశం ఉందో అక్కడే ఎక్కువ రాయి మిగుల్చుతారు. ఆ శిల్పికి ఈ రాయి మీద అపనమ్మకం లేదు. దాన్ని విగ్రహం చేయాలన్న ఆశ ఉంది కాబట్టే పగులు వెతికాడు.

మన బలహీనత మనకు ముందే తెలిస్తే అది ఎక్కడ పడాలో మనమే నిర్ణయించుకోవచ్చు. ఇంగ్లీషు రాని పిల్లవాడు ఆ సంగతి జనవరిలో ఒప్పుకుంటే దానికి రోజూ గంట కేటాయించగలడు. పరీక్ష హాల్లో ఒప్పుకుంటే ఆ పగులు స్వామి చేతి మీద పడ్డట్టే.

మాస్టారు, శిల్పి, రైతు అనుభవంతో తెలుసుకున్నదాన్ని మనస్తత్వ శాస్త్రవేత్తలు పరీక్షించి చూశారు. గాబ్రియేల్ ఎటింగెన్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1991లో థామస్ వాడెన్‌తో కలిసి, బరువు తగ్గడానికి చికిత్సలో చేరిన మహిళల మీద ఒక అధ్యయనం ప్రచురించింది. తగ్గగలమన్న నమ్మకం ఉన్నవాళ్లు ఎక్కువ తగ్గారు. అంతవరకు మనం ఊహించిందే. కష్టమేమీ లేకుండా సన్నబడిపోయినట్టు తీయటి కలలు కన్నవాళ్లు మాత్రం, దారిలో ఇబ్బందులు ఊహించినవాళ్లకంటే తక్కువ తగ్గారు. నమ్మకం మేలు చేసింది, కల కీడు చేసింది. ఈ రెంటికీ తేడా తెలుసుకోవడం చాలా ముఖ్యం.

పీటర్ గోల్విట్జర్ అనే మరో శాస్త్రవేత్త 1997లో వెరోనికా బ్రాండ్‌స్టాటర్‌తో కలిసి ప్రచురించిన ప్రయోగం ఇంకా సూటిగా ఉంటుంది. క్రిస్మస్ సెలవుల్లో ఒక నివేదిక రాయమని విద్యార్థులకు చెప్పారు. ఎప్పుడు, ఎక్కడ కూర్చుని రాస్తారో కొందరి చేత ముందే చెప్పించారు. అలా చెప్పినవాళ్లలో దాదాపు నాలుగింట మూడొంతుల మంది సమయానికి రాశారు. చెప్పనివాళ్లలో రాసింది మూడింట ఒక వంతే. 'ఇది జరిగితే ఇది చేస్తాను' అని ముందే కట్టుకున్న ముడి ఆ సమయానికి మనిషిని చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది.

దీనికి మన ఇళ్లలో వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. శుభమా అని పరీక్షకు పోతుంటే అశుభం ఎందుకు పలకాలి అంటారు. మా అవ్వ మనసు నాకు అర్థమవుతుంది. అది ప్రేమ. అయితే ఆ అవ్వే చింతపండు, ఊరగాయ ఏడాదికి సరిపడా జాడీల్లో పెట్టేది. కొంగున ఎప్పుడూ కొన్ని రూపాయలు ముడివేసుకునేది. అవ్వ నోట అశుభం పలకలేదు గానీ చేతితో సిద్ధంగానే ఉండేది. ఆ చేతి పనినే మనం కొనసాగించాలి.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. అన్ని దెబ్బలకూ పాతర చాలదు. ధాత కరువులో ఎన్నో ఇళ్లు ఎంత జాగ్రత్తపడ్డా నిలవలేదు. నోటిఫికేషన్ రాకపోవడం, తండ్రి మంచాన పడటం, కాలువకు నీళ్లు వదలకపోవడం ఎవరి చివరి పేజీకీ లొంగే కష్టాలు కావు. అలాంటప్పుడు 'నువ్వు ముందే ఆలోచించాల్సింది' అని పడిపోయినవాణ్ని నిందించడం పాపం. అప్పుడు కావలసింది పక్కింటి గంజి.

విద్యార్థులారా, చివరి పేజీలో ఏం రాయాలో చెబుతాను. ఇది మాస్టారు నా చేత రాయించిన మూడు పంక్తుల సారం.

మొదటిది గడువు. ఎన్ని ప్రయత్నాలు, ఏ తేదీ వరకు, ఆ తర్వాత ఏ పని. ఇది తల్లిదండ్రులతో కూర్చుని మాట్లాడి రాయండి. ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో నేను పెద్దలను చేతులెత్తి అడుగుతున్నాను. మగపిల్లాడికి మూడు అవకాశాలిచ్చి, అమ్మాయికి ఒక్క ఫలితం చూసి పెళ్లి సంబంధం మాట్లాడకండి. ఎన్ని అవకాశాలో ముందే మాట ఇవ్వండి, ఇచ్చిన మాట మీద నిలబడండి.

రెండోది డబ్బు. గది అద్దె, మెస్సు, ఫీజు నెలకు ఎంతవుతుందో లెక్కవేసి, ఫలితాల తర్వాత రెండు నెలలకు సరిపడా పక్కన పెట్టండి. చేతిలో రూపాయి లేనివాడు తొందరపడి తప్పు నిర్ణయం తీసుకుంటాడు. అది నేను బ్యాంకు కౌంటర్ అవతలి వైపు నుంచి ముప్పై ఏళ్లు చూశాను.

మూడోది మనిషి. అనుకున్న ఫలితం రాని రోజు మొదట ఎవరికి ఫోన్ చేస్తారో పేరు రాసి, ఆ మనిషికి ఇప్పుడే చెప్పండి. "మామా, నాకు రాకపోతే ముందు నీకే చేస్తా, నువ్వు ఏమీ అనకుండా విను" అనండి. ఎవరూ లేరనిపిస్తే 14416 రాసుకోండి. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ నంబరు అది. ఏ వేళకైనా ఉచితంగా తెలుగులో మాట్లాడతారు. ఒక్క పరీక్ష కోసం ప్రాణం మీదికి తెచ్చుకున్న పిల్లల వార్తలు ఇక ఈ ఊరు చదవకూడదు.

పాతర గురించి మూడో విషయం చివర్లో చెబుతానన్నాను. పాతర మూత తీయగానే ఎవరూ లోపలికి దిగేవాళ్లు కాదు. గింజను కాపాడిన ఆ గాలే మనిషి ఊపిరి తీసేస్తుంది. బండ పక్కకు జరిపి చాలాసేపు ఆగేవాళ్లు. తర్వాత తాడుకు దీపం కట్టి లోపలికి దించి చూసేవాళ్లు. దీపం ఆరిపోతే ఇంకా ఆగేవాళ్లు. వెలుగుతూ ఉంటేనే మనిషి దిగేవాడు.

ఫలితం వచ్చిన రోజు పాతర మూత తీసిన రోజు లాంటిది. ఆ రోజు ఏ నిర్ణయమూ తీసుకోకండి. పుస్తకాలు అమ్మకండి, గది ఖాళీ చేయకండి, ఎవరితోనూ గట్టిగా ఏదీ తేల్చి చెప్పకండి. తిని పడుకోండి. మర్నాడో మూడోనాడో దీపం దించి చూడండి. మనసు నిలబడి వెలుగుతుంటే అప్పుడు చివరి పేజీ తెరవండి. అక్కడ మీ అక్షరాలతో, మీరు బాగున్న రోజున రాసుకున్న దారి ఉంటుంది.

మాస్టారు నా చేత రాయించిన ఆ పేజీ చింపి ఇంట్లో దాచుకున్నాను. ఇవాళ దాన్ని వెంట తెచ్చాను. సభ అయ్యాక వచ్చి చూడండి. సిరా వెలిసిపోయింది గానీ 'తప్పితే' అన్న మాట ఇంకా చదవడానికి వస్తోంది. ఈ రాత్రి పడుకునే ముందు మీ నోటుపుస్తకం చివరి పేజీ మీద ఆ మాట రాయండి. కింద మూడు పంక్తులు మీవే.